లూప్ నడుస్తుండగా లిస్టులోంచి తీసేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: పైథాన్‌లో 2, 4, 6, 7 ఉన్న లిస్టు మీద ఫర్ లూప్ నడుపుతూ, సరి సంఖ్య వచ్చినప్పుడల్లా రిమూవ్‌తో తీసేస్తున్నాను. 7 ఒక్కటే మిగలాలి కదా, 4 కూడా ఉండిపోతోంది. ఎర్రరేమీ రావడం లేదు. ఎందుకని?

జవాబు: ఫర్ లూప్ మొదట్లో ఒక్కసారే లిస్టును అడిగి ఇటరేటర్ తీసుకుంటుంది. ఇక ప్రతి చుట్టులోనూ దాన్నే ‘తర్వాతిది ఇవ్వు’ అంటుంది. ఆ ఇటరేటర్ దగ్గర లిస్టు కాపీ ఉండదు. అసలు లిస్టుకు ఒక రిఫరెన్సు, తర్వాత ఇవ్వాల్సిన ఇండెక్సు (సున్నా నుంచి లెక్కించే స్థానం సంఖ్య), అంతే.

మొదటి చుట్టులో 2 ఇచ్చి ఇండెక్సు 1కి చేరింది. మీరు 2 తీసేయగానే మిగతావన్నీ ఒక్కో స్థానం ముందుకు జరిగాయి: 4, 6, 7. ఇప్పుడు 1వ ఇండెక్సులో ఉన్నది 6. సున్నాలోకి జారిన 4ను ఇక ఎవరూ చూడరు. 6 కూడా పోయాక లిస్టు పొడవు 2, ఇండెక్సూ 2. ఇవ్వడానికేమీ లేక ఇటరేటర్ ‘ఇక ఏమీ లేవు’ అని చెప్పే స్టాప్‌ఇటరేషన్ లేపుతుంది, లూప్ దాన్ని లోపలే పట్టుకుని ఆగిపోతుంది. మామూలు లూప్ ముగిసేదీ ఇలాగే కాబట్టి మీకు తేడా కనబడదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఇదే కోడ్‌కు 2, 3, 4, 5 ఇవ్వండి, 3, 5 మిగిలి జవాబు సరిగ్గానే వస్తుంది. నిజానికి 3నీ 5నీ లూప్ చూడనే లేదు! పక్కపక్కనే సరి సంఖ్యలు లేని డేటాతో పరీక్షిస్తే ఈ తప్పు దొరకదు.

కావలసినవాటితో లిస్ట్ కాంప్రిహెన్షన్ (చదరపు బ్రాకెట్లలోనే లూప్, షరతు పెట్టే పద్ధతి) రాసి కొత్త లిస్టు చేసుకోవడమే మేలు. పాత లిస్టునే వేరే వేరియబుల్స్ కూడా వాడుతుంటే, ఫలితాన్ని దాని పూర్తి స్లైసులోకి ([:] అని రాస్తే మొత్తం లిస్టు) అసైన్ చేయండి. కాపీ మీద తిరుగుతూ రిమూవ్ చేసినా జవాబు సరిగ్గానే వస్తుంది కానీ, రిమూవ్ ప్రతిసారీ మొదటి నుంచి వెతుకుతుంది, పెద్ద లిస్టయితే నత్తనడకే. డిక్షనరీ మాత్రం ఇంత మొహమాటపడదు: తిరుగుతుండగా కీ తీసేస్తే, తర్వాతి చుట్టుకు వెళ్లబోగానే రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది.

ప్రశ్న: ప్రతి విలువ మీదా ఒక ఫంక్షన్‌ను నడిపే మ్యాప్ ఫలితం మీద రెండో లూప్ పెడితే ఒక్క విలువా రావడం లేదేం?

జవాబు: పైథాన్ 3లో మ్యాప్ ఇచ్చేదే ఇటరేటర్. లిస్టు అడిగిన ప్రతిసారీ కొత్త ఇటరేటర్ ఇస్తుంది. ఇటరేటర్‌ను అడిగితే తననే ఇస్తుంది, మొదటి లూప్‌లోనే విలువలన్నీ అయిపోయినా సరే. జిప్, జనరేటర్ల తీరూ అంతే. ‘ఇన్’తో వెతికినా విలువలు ఖర్చయిపోతాయి. డేటా చిన్నదైతే లిస్టుగా మార్చి పెట్టుకోండి, పెద్దదైతే రెండో లూప్‌కు ముందు మ్యాప్‌ను మళ్లీ పిలవండి.