ఉప్పు తినేసే యూరోలు

తమ్ముడూ, జర్మనీలో కెమ్నిట్జ్‌లో చేరి మూడు నెలలు కాకుండానే సైకిల్ కొన్నావు, తెల్లవారుజామున బస్సుల్లేని వేళ పార్ట్ టైం పనికి దాని మీదే వెళ్తున్నావు. సంతోషం. డిసెంబరు వస్తే ఏ జాకెట్, ఏ గ్లవ్స్ అని చాలా అడిగావు. చలేస్తే ఏం వేసుకోవాలో నీకే తెలుస్తుంది. చలికాలంలో ఆ సైకిల్ నీ జేబులోంచి ఎంత లాగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. వీసా కోసం ముందే డబ్బు వేసిపెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చేది 992 యూరోలు. అద్దె, ఇన్సూరెన్స్ పోగా ఎంత మిగులుతుందో చూసుకునే ఉంటావు.

ఇక్కడ రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల కంటే కింద కూడా గడ్డకట్టవు, అందుకని కార్లు హాయిగా పోతాయి. ఆ ఉప్పు బురదంతా చక్రాల నుంచి ఎగిరి నీ చైన్ మీద, చక్రం పుల్లల మొదళ్లలో, బ్రేక్ వైర్ల చివర్లలో చేరుతుంది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి పైకి ఆరినట్టున్నా లోపల తడిగానే ఉంటుంది, ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. విశాఖలో బీచ్ పక్క ఇళ్ల కిటికీ గ్రిల్స్ చూశావుగా, ఇదీ అంతే.

నేను వచ్చిన మొదటి చలికాలం ఇవేవీ తెలియవు. చదివింది మెకానికల్ ఇంజనీరింగే, అది వేరే సంగతి! 80 యూరోలకు పాత సైకిల్ కొన్నాను. మంచులో తొక్కి వచ్చి, పాపం చలికి పాడైపోతుందేమోనని బురదతో సహా కారిడార్‌లో హీటర్ పక్కన పెట్టేవాణ్ణి. వెచ్చదనానికి మంచు కరిగి ఉప్పునీరు ప్రతి కీలులోకీ దిగింది. బయట చలిలో ఉంటే తుప్పు మెల్లగా పట్టేది, నేను దాన్ని తొందరపెట్టాను. నేల మీద మరకలకు హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగు చూసుకునేవాడు, చీటీ అంటించాడు, అది అదనం.

చైన్ కిర్రుమంటుంటే ఆయిల్ కొనడానికి మనసు రాక, అమ్మ సూట్‌కేసులో పెట్టిన కొబ్బరినూనె పోశాను. 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకునే నూనె అది. పొద్దున్నే చైన్ తెల్లగా మైనం పూసినట్టుంది, గేర్లు కదలవు. దాన్ని వదిలించడానికి పెట్రోల్ బంకులో కాయిన్ వేస్తే నీళ్లు చిమ్మే ప్రెజర్ గన్‌తో దగ్గర నుంచి కొట్టాను. మట్టితోపాటు వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్‌లో గ్రీజు కూడా పోయింది, దాని చోట నీళ్లు చేరాయి. ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టి, తెల్లారి పెడల్ ఎంత తొక్కినా వెనక చక్రం తిరగలేదు. షాపువాడు చైన్, వెనక గేర్లు, పెడల్ ఇరుసు మార్చి, కూలీతో కలిపి 140 యూరోలు తీసుకున్నాడు. 80 యూరోల సైకిల్‌కి! రూపాయల్లో లెక్క కట్టుకున్నాక ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాత అన్నీ నేనే నేర్చుకున్నాను, మళ్లీ షాపు గడప తొక్కలేదు. ఉప్పు రోడ్డు మీద తొక్కి వచ్చినప్పుడల్లా ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే సబ్బు ఒక చుక్క, పాత బ్రష్. నీళ్లు పైనుంచి మెల్లగా పొయ్యి. మడ్‌గార్డ్ లోపలివైపు మరిచిపోకు. పాత బనియన్‌తో చైన్ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడువు. బాగా ఆరాక ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్, తడికి తట్టుకునే 'వెట్' రకం. కాసేపాగి పైన మిగిలింది తుడిచెయ్యి, లేకపోతే మట్టంతా దానికే అంటుకుంటుంది. బ్రేక్ పట్టే చోట మాత్రం చుక్క కూడా పడకూడదు. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే నీళ్లను తరిమేస్తుంది, కానీ చైన్ ఆయిల్ చేసే పని చెయ్యదు. అది కొట్టినా పైన ఆయిల్ వెయ్యాల్సిందే. కడిగిన తడి సైకిల్‌ని అలాగే బయట పెట్టకు, బ్రేక్ వైర్లు బిగుసుకుపోతాయి. సెల్లార్‌లో పూర్తిగా ఆరనివ్వు.

తాళం గడ్డకడితే వేడినీళ్లు పొయ్యకు, కాసేపటికి అవే మళ్లీ గడ్డకడతాయి. తాళం చెవిని లైటర్‌తో వేడి చేసి తిప్పు. ముందే లోపల కాస్త ఆయిల్ వేసి, తాళం రంధ్రం కిందికి ఉండేలా వేస్తే ఆ బాధే ఉండదు. సీటు రాడ్డుకి ఇప్పుడే గ్రీజు రాయి. స్టీల్ ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఉప్పు తగిలిందంటే అతుక్కుపోతుంది. ఆవరణలో సబ్బునీళ్లతో కడగొచ్చా లేదా అన్నది మునిసిపాలిటీ సైట్లో చూసుకో.

అసలు డబ్బు మిగిలేది చైన్ ఎంత సాగిందో కొలిచే చైన్ గేజ్ దగ్గర. పది యూరోల లోపే దొరుకుతుంది. చలికాలమంతా అప్పుడప్పుడూ పెట్టి చూడు. సాగుదల 0.75 శాతం దాటేదాకా ఆగితే సాగిన చైన్ వెనక గేర్ల పళ్లను కూడా అరగదీస్తుంది. ముందే మారిస్తే పోయేది చైన్ ఖరీదే, ఆలస్యం చేస్తే దానికి రెండు మూడు రెట్లు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులే నడిపే రిపేరు వర్క్‌షాపులుంటాయి, పనిముట్లు అక్కడ దొరుకుతాయి. మీ దాంట్లో ఉందేమో అడుగు. సిగ్గుపడకు, జర్మన్ పిల్లలు కూడా అక్కడికే వస్తారు.

ఇక చివర్లో అడిగావు చూడు, రెండు వేల యూరోల ఈ-బైక్ ఈఎంఐలో తీసుకోవచ్చా అని. ఉద్యోగం దొరికేదాకా దాని ఊసెత్తకు.