బుజ్జీ, మంచం కదిపే ముందు ట్యూబు చూడు

చిరంజీవి బుజ్జికి, అంబాజీపేట నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు కాకినాడ పెద్దాసుపత్రిలో ఎంఎన్‌ఓగా, అంటే రోగుల్ని అటూ ఇటూ తీసుకెళ్ళి నర్సులకి సాయపడే మేల్ నర్సింగ్ ఆర్డర్లీగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషించాను. నేను ముప్పై ఆరేళ్ళు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఎంతమంది ఎంఎన్‌ఓలు నా కళ్ళ ముందు మంచాలు తోశారో లెక్కలేదు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు డ్యూటీలో ఉన్న రోజున నాకు టెన్షన్ ఉండేది కాదు. రోగిని వాళ్ళ చేతికి అప్పజెప్పి నిశ్చింతగా కేస్‌షీటు రాసుకునేదాన్ని. నువ్వూ అలాంటి మనిషివి కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చేరిన మొదటి వారంలోనే నీకు పడే పని ఏమిటంటే, "ఈ బెడ్డుని ఎక్స్‌రేకి తీసుకెళ్ళు" అని. ఆ బెడ్డు పక్కన సెలైన్ స్టాండు ఉంటుంది. మంచం, పరుపు, దాని మీద మనిషి కలిపితే నూరు కిలోలు దాటిపోతుంది. స్టాండు నాలుగైదు కిలోలు. ఈ రెంటికీ మధ్య ఉన్న లంకె పెన్ను రీఫిల్లంత లావుండే ప్లాస్టిక్ ట్యూబు ఒక్కటే. దాని కొస మనిషి నరంలో ఉంటుంది. మంచం ఒక వేగంతో, స్టాండు ఇంకో వేగంతో నడిచాయా, ఆ తేడా అంతా వెళ్ళి ఆ నరం మీద పడుతుంది. నువ్వు మంచం తోస్తున్నంతసేపూ ఈ మాట నీ మనసులో ఉండాలి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ ఆసుపత్రో చెప్పను. ఆపరేషనయి రెండు రోజులైన ఒక ఆవిడని స్కానింగుకి దించాలి. వార్డుబాయ్ వేరే పని మీద వెళ్ళాడు. వచ్చేదాకా ఆగలేక, కాళ్ళ వైపు ఆవిడ తమ్ముణ్ణి పట్టుకోమన్నాను. నేను తల వైపు నిలబడి ఒక చేత్తో మంచం, ఇంకో చేత్తో స్టాండు పట్టుకుని బయల్దేరాను. వరండాలో బాగానే నడిచింది. లిఫ్టు గడప దగ్గర మంచం చక్రం సులువుగా దాటేసింది. అది కొబ్బరికాయంత ఉంటే స్టాండు చక్రం నిమ్మకాయంత. లిఫ్టుకీ నేలకీ మధ్య ఉన్న సందులో ఆ నిమ్మకాయ దిగిపోయింది. ఆ తమ్ముడికి అది తెలియదు, లోపలికి లాగుతూనే ఉన్నాడు. ట్యూబు తీగలా బిగుసుకుంది. ఆవిడ మణికట్టు మీద అంటించిన ప్లాస్టరు ఒక మూల నుంచి లేవడం నేను చూస్తూనే ఉన్నాను. రెండు చేతులూ ఇరుక్కుపోయి ఉన్నాయి. వెన్‌ఫ్లాన్, అదే సెలైను ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న ప్లాస్టిక్ గొట్టం, ఊడి వచ్చింది. తెల్ల దుప్పటి మీద రక్తం అరచేయంత మేర పాకింది. ఆవిడ అరవలేదు. రెండో చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, ఏదో తెగిపోయింది" అంది. మళ్ళీ నరం దొరకడానికి నాలుగు చోట్ల గుచ్చాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు తర్వాత ఒక చేత్తో మంచం, ఒక చేత్తో స్టాండు పట్టుకోవడం మా వార్డులో ఎవరినీ చెయ్యనివ్వలేదు. నువ్వు కూడా చెయ్యకు. ఎంత తొందర చేసినా, ఎవరు కేకలేసినా చెయ్యకు.

కదిలే ముందు సిస్టర్‌ని ఒక మాట అడుగు: "ఈ సెలైన్ దారిలో కూడా ఉండాల్సిందేనా అమ్మా?" చాలాసార్లు పావుగంట ఆపినా ఫరవాలేని సెలైనే ఉంటుంది. డాక్టరు సరేనంటే సిస్టర్ ట్యూబు విప్పి, వెన్‌ఫ్లాన్‌కి మూత బిగించి ఇస్తుంది. అప్పుడు నీకు తోలడానికి ఒక్క బండే మిగులుతుంది. ఉండాల్సిందే అంటే, మంచం మూలల్లో రాడ్డు దింపే బెజ్జం ఉందేమో చూడు. ఉంటే సెలైను సీసాని ఆ రాడ్డుకి తగిలించమను. సీసా మంచంతో పాటే నడుస్తుంది, చక్రాల స్టాండు వార్డులోనే ఉండిపోతుంది. కాకపోతే ఆ రాడ్డు ఎత్తు సంగతి మరిచిపోకు. దారిలో తలుపు పైకమ్మీ, తిరిగే ఫ్యాను ఎక్కడెక్కడున్నాయో ముందే చూసుకుని దించి పెట్టుకో.

ఈ రెండూ కుదరకపోతేనే స్టాండు. అప్పుడు ముగ్గురు మనుషులు కావాలి. తల వైపు ఒకరు తొయ్యాలి, కాళ్ళ వైపు ఒకరు దారి చూపాలి, మూడో మనిషి స్టాండు మాత్రమే పట్టుకోవాలి. ఆ మూడో మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు. ఫైలు పట్టుకోమనకూడదు, తలుపు తియ్యమనకూడదు. వెన్‌ఫ్లాన్ ఏ చేతికుంటే ఆ వైపు, రోగి భుజానికి సమంగా నడవాలి. వెనకబడకూడదు. స్టాండు ముందుకి వస్తే ట్యూబు వదులవుతుంది, అంతే. వెనకబడితే లాగుతుంది. చేతి దగ్గర ట్యూబుని ఒక చుట్టు చుట్టి ప్లాస్టరు వేయించు. ఎప్పుడైనా గుంజుకుంటే ముందు ఆ చుట్టు విడుతుంది, సూదిదాకా పోదు.

ముగ్గురికీ ఒకటే గొంతు ఉండాలి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి నిన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళాను, గుర్తుందా? దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు చూశావు. అంత ఎత్తు ప్రభ నీళ్ళలో దిగి, గట్టెక్కి, వరిచేలోకి వస్తుంది. "అశ్శరభ శరభ" అని వందమంది అరుస్తున్నా, మోసేవాళ్ళు వినేది ముందు నడిచే ఒక్కడి మాటే. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ప్రభ కొమ్మునే చూస్తారు, కాలి కింద బురదని చూడరు. మన పనీ అంతే. తల వైపు ఉన్న మనిషి "కదుల్తున్నాం" అన్నాకే కదలాలి. స్టాండు దగ్గర ఉన్న మనిషి "ఆగు" అంటే మాత్రం ఎందుకని అడక్కుండా అందరూ ఆగాలి. ఆ హక్కు ఆ మనిషికి ముందే ఇచ్చి బయల్దేరు.

స్టాండు గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అయిదు కాళ్ళ స్టాండు దొరికితే మూడు కాళ్ళది ముట్టుకోకు. పైకడ్డీని ఎంత దించగలిగితే అంత దించు. సీసా రోగి గుండెకి మూడడుగుల ఎత్తున ఉంటే చాలు, ఆకాశంలో ఉండక్కర్లేదు. మందుని కొలత ప్రకారం ఎక్కించే మిషను, అదే పంపు, బిగించి ఉంటే అది స్టాండుకి కింది భాగంలో, ఒక కాలికి సరిగ్గా పైన ఉండాలి. బరువు పైన ఉంటే చిన్న గతుక్కి కూడా స్టాండు తలకిందులవుతుంది. తోసేటప్పుడు పంపు పట్టుకుని తొయ్యకు, కడ్డీ పట్టుకో.

చక్రాలు వారానికొకసారైనా తిప్పి చూడు. మన సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. దానికి తోడు తలవెంట్రుకలు, గాజుగుడ్డ పోగులు, మన వైపైతే కొబ్బరిపీచు కూడా ఇరుసుకి చుట్టుకుంటాయి. పాత బ్లేడుతో కోసి తీసి, ఒక చుక్క నూనె వేస్తే మళ్ళీ నిశ్శబ్దంగా తిరుగుతాయి. వణుకుతూ అడ్డం తిరిగే చక్రమున్న స్టాండుని పక్కన పెట్టి, స్టోరుకి రాయించు. దాన్నే మళ్ళీ ఎవరో ఒకరు తీసుకుపోకుండా ఒక గుడ్డపీలిక కట్టు.

లిఫ్టు దగ్గర ముందు ఆగు. లిఫ్టు నేల, వరండా నేల సమంగా ఉన్నాయో లేదో చూడు. రోగి తల ముందు లోపలికి వెళ్ళాలి, అప్పుడు దిగేటప్పుడు కాళ్ళు ముందు వస్తాయి. స్టాండుని ఆ సందు మీద దొర్లించొద్దు. కడ్డీ కింది భాగం పట్టుకుని ఎత్తి లోపల పెట్టాలి. పక్కపక్కన పట్టనంత ఇరుకైతే సీసాని స్టాండు నుంచి తీసి మనిషి ఎత్తి పట్టుకోవాలి, స్టాండు తర్వాత వస్తుంది. లోపలికి వెళ్ళగానే బ్రేకు వెయ్యి.

ర్యాంపు మీద ఎక్కినా దిగినా రోగి తల పై వైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు తల ముందు, దిగేటప్పుడు కాళ్ళు ముందు. బలమైన మనిషి ఎప్పుడూ దిగువన ఉండాలి. వానాకాలంలో గొడుగులు కార్చిన నీళ్ళన్నీ ర్యాంపు మొదట్లో చేరతాయి. జారకుండా ఎవరో గోనెసంచి పరుస్తారు. మంచి ఉద్దేశమే, కానీ స్టాండు చక్రం ఆ గోనెలో చిక్కుకుంటుంది. మంచం వచ్చే ముందు గోనె తీయించి, నేల తుడిపించు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రెండు పక్కలా కమ్మీలు లేపాలి. రోగి మోచేయి కమ్మీ బయటికి వచ్చి ఉందేమో ప్రతి తలుపు ముందూ చూడు. తలుపు చట్రానికీ కమ్మీకీ మధ్య నలిగిన వేళ్ళు నేను చాలా చూశాను. యూరిన్ బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి. రోగి కాళ్ళ మీద పెట్టడం సులువుగా ఉంటుంది గానీ మూత్రం వెనక్కి పోతుంది. నేలకి తగిలి ఈడ్చుకుపోకుండా కూడా చూడు. ఛాతీ నుంచి ట్యూబు వేసినవాళ్ళ సీసా కూడా ఛాతీ కంటే కిందే ఉండాలి, దాని క్లాంపు నీ అంతట నువ్వు వెయ్యకు. ఆక్సిజన్ చిన్న సిలిండరు నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు పోతుంటే అయిదు గంటలు వస్తుంది. గేజి ముల్లు పావుకి దిగితే గంటంపావే. స్కానింగు దగ్గర క్యూ ఎంతసేపో నీకు తెలుసు కాబట్టి బయల్దేరకముందే ముల్లు చూసుకో.

సిలిండరు అన్నాను కాబట్టి ఇది పెద్ద అక్షరాలతో రాసుకో: ఎంఆర్‌ఐ గదిలోకి ఇనుప స్టాండు, సిలిండరు, మంచం ఏదీ పోకూడదు. ఆ అయస్కాంతం మిషను తిరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఆ గది మనిషి రమ్మనేదాకా గడప బయటే నిలబడు.

పంపులో మందు పోతుంటే, ముఖ్యంగా బీపీ పడిపోకుండా నిలబెట్టే మందైతే, సిస్టర్ తోడు లేకుండా కదలకు. ప్లగ్గు తీసే ముందు బ్యాటరీ ఎంతుందో చూపించమను. వైరు చుట్టి కడ్డీకి కట్టు, నేల మీద పాకనివ్వకు. అలారం మోగితే ఆగి సిస్టర్‌ని పిలువు, బటన్లు నువ్వు నొక్కకు. ట్యూబు మీద చుక్కల వేగం మార్చే రోలరు కూడా అంతే, అది ఆవిడ పని.

రోగి తాలూకు మనుషులని సాయం పట్టమంటావు కదా, దాని గురించి ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. కరెంటు లేదు. కిటికీ రెక్కలు ఊడిపోయి వాన వార్డులోకి కొడుతోంది. లాంతరు వెలుగులో మంచాలన్నీ లోపలి గదికి జరిపాం. తడి నేల మీద స్టాండ్లు నిలవలేదు. అందుకని సీసాలు రోగి మనుషుల చేతికిచ్చాం. ఒక పెద్దాయన తన కోడలి సెలైను సీసా పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి లాగి, ఆయనకే తెలియకుండా సీసా నడుం దాకా దిగిపోయింది. నేను లాంతరు ఎత్తి చూసేసరికి ట్యూబులో జానెడు మేర ఎర్రగా ఉంది. సీసా కిందికి వస్తే సెలైను ఆగి, రక్తమే వెనక్కి ఎక్కుతుంది. అది గడ్డకడితే ఆ లైను పనికిరాదు. ఆయన్ని తప్పుపట్టలేను, ఏడుస్తూనే పట్టుకున్నాడు. చెప్పాల్సింది నేను. కాబట్టి ఎవరికైనా సీసా ఇస్తే, ఎంత ఎత్తు ఉండాలో వాళ్ళ భుజం మీద నీ చెయ్యి పెట్టి చూపించు. అయిదు నిమిషాలకి చెయ్యి మార్పించు. ట్యూబులో ఎరుపు కనిపిస్తే పిలవమని చెప్పు.

మంచం మీద పడుకున్న మనిషి వైపు నుంచి కూడా ఒకసారి చూడు. ఆయనకి కనిపించేది పైకప్పు, ట్యూబులైట్లు, అటూ ఇటూ పోయే గోడలు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చాలామందికి చెప్పరు. "అయ్యా, ఎక్స్‌రేకి వెళ్తున్నాం, పది నిమిషాల్లో వచ్చేస్తాం. ఇప్పుడు చిన్న గతుకు వస్తుంది" అని నువ్వు చెబితే ఆ మనిషి బెదిరి చెయ్యి గుంజుకోడు. లంక గ్రామాల నుంచి వచ్చిన ముసలివాళ్ళు లిఫ్టు కదలగానే ఉలిక్కిపడి కమ్మీ పట్టుకోబోతారు, సెలైను ఉన్న చేత్తోనే. ముందే చెప్పి, ఆ చెయ్యి పొట్ట మీద పెట్టించు.

చోటు చేరాక బ్రేకు తొక్కి, ఊరుకోకుండా ఒకసారి మంచాన్ని ఊపి చూడు. బ్రేకు పడిందనుకుని వదిలేసిన మంచం, రోగిని బల్ల మీదికి మార్చేటప్పుడు జరిగిపోతుంది. మధ్యలో సందు ఏర్పడి మనిషి కిందికి జారతాడు. పంపు ప్లగ్గు పెట్టు. తర్వాత సిస్టర్‌ని పిలిచి చుక్కలు లెక్కపెట్టమను. సీసా ఎత్తు మారితే చుక్కల వేగం కూడా మారుతుంది. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో పోవాలంటే, 20 చుక్కలకి ఒక మిల్లీలీటరు పడే సెట్టులో నిమిషానికి 42 చుక్కలు. అది 60 అయినా 20 అయినా దూరం నుంచి చూస్తే తేడా కనిపించదు, గడియారం పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

కనుమకి సెలవు దొరికితే రా, తీర్థానికి వెళ్దాం. నీ కాలి సైజు మీ అమ్మకి చెప్పు. తడి నేల మీద జారని అడుగున్న బూట్లు ఒక జత కొని పంపిస్తాను. చెప్పులతో మంచం తొయ్యకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ