బోల్తా పడిన కయాక్ కింద ఊపిరి

ప్రశ్న: సముద్రంలో కయాక్ (లోపల కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవ) తలకిందులైతే పట్టుమని పది సెకన్లు ఊపిరి బిగబట్టలేక, రోల్‌ను (లోపల కూర్చునే పడవను తిరిగి పైకి తిప్పడాన్ని) సగంలో వదిలి బయటపడుతున్నాను. లైఫ్ జాకెట్‌కు తగిలించుకునే చిన్న గాలిసీసా కొనుక్కుంటే సరిపోతుందా? కాక్‌పిట్‌లోని, అంటే కూర్చునే గుంటలోని, గాలినే గొట్టంతో పీల్చుకోవచ్చని విన్నాను, నిజమేనా?

జవాబు: లోపం మీ ఊపిరితిత్తులదే కాకపోవచ్చు. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువైతే ఒళ్ళు మునగగానే మన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస మొదలవుతుంది. ఒడ్డున నిమిషంపాటు ఊపిరి బిగబట్టగలిగినవారు కూడా అక్కడ కొన్ని సెకన్లకు మించి ఆగలేరు. అందువల్ల చల్లని నీటిలోకి వెళ్ళేవారికి ఒంటి వేడిని కాపాడే వెట్‌సూట్ గాని, నీటిని లోపలికి రానివ్వని డ్రైసూట్ గాని మొదటి శ్వాససాధనమని నేనంటాను.

గొట్టంపై నాకు నమ్మకం తక్కువ. తలకిందులుగా ఉన్నప్పుడు ఛాతీ కాక్‌పిట్ గాలికన్నా లోతున ఉంటుంది కనుక ఆ నీటి ఒత్తిడికి ఎదురుగా గాలి లాగడం కష్టం. పైగా కాక్‌పిట్‌లోకి నీరు రాకుండా నడుము చుట్టూ బిగించే మూత (స్ప్రే స్కర్ట్) ఊడితే గొట్టం వల్ల ప్రయోజనముండదు.

గాలిసీసాకు ఈ చిక్కు లేదు. అయితే చిన్నరకంలో పట్టే దాదాపు 50 లీటర్ల గాలి కంగారులో ఉన్న మనిషికి ఒకటి రెండు నిమిషాలకు మించి రాదు. దానితో గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే మీటరు లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదముంది; కాబట్టి గాలి వదులుతూ పైకి రావడాన్ని శిక్షకుని సమక్షంలో ఈతకొలనులో నేర్చుకోకుండా దాన్ని వాడవద్దు.

అన్నిటికంటే ముందు కొనవలసినవి ప్యాడిల్ ఫ్లోట్ (తెడ్డు కొనకు తొడిగే తేలుడు సంచి), కయాక్‌లోని నీరు తోడే చేతిపంపు. బయటపడ్డాక కయాక్‌ను మాత్రం వదలకండి, గాలికి అది మీరు ఈదగలిగిన దానికన్నా వేగంగా కొట్టుకుపోతుంది. తెడ్డు ఒక కొనకు ఫ్లోట్ తొడిగి, గాలి ఊది, బోల్తా పడిన కయాక్‌ను మళ్ళీ సరిగా తిప్పి, తెడ్డును కాక్‌పిట్ వెనక అడ్డంగా పెట్టి, దాని ఆసరాతో బోర్లా ఎక్కి, బరువంతా ఫ్లోట్ వైపే ఉంచుతూ లోపలికి జారి, ఆపైన నీరు తోడాలి. ఫోమ్ ఫ్లోట్ అయితే ఊదే పని తప్పుతుంది. వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు అది చిన్న సౌకర్యం కాదు.

మిమ్మల్ని బోల్తా కొట్టించిన అలలే ఇలా ఎక్కనివ్వకపోతే, తిరగబడిన కయాక్‌లోకే నీటి కిందనుంచి దూరి, ఫ్లోట్ ఉన్న తెడ్డుతోనే రోల్ చేసి లేవడం మిగిలిన మార్గం. గాలిసీసా నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే: తొడలు సర్దుకుని తెడ్డు సరిగా పట్టుకునేవరకు అది నిదానంగా ఊపిరి తీసుకోనిస్తుంది. కొంటే దాన్ని సామాన్ల అరలో కాక, ఏ చేతికైనా అందేలా ఛాతీ మీదే ఉంచండి.