గేటు దగ్గర ఆగినవారికి

ప్రియమైన చెల్లికి,

వందనాలు. క్రిస్మస్ ఆరాధనల కోసం నువ్వు రాసిన ఫేస్‌బుక్ పోస్టు రెండుసార్లు చదివాను. సంఘ పెద్దలు పాత కరపత్రం ఒకటి చేతికిచ్చి "ఇలాగే రాయమ్మా" అన్నారేమోనని అనుమానం వచ్చింది. "మహిమోన్నతుడైన", "సకుటుంబ సపరివార సమేతంగా", "ఆత్మీయ ఆహ్వానం" అన్నీ వరుసగా కొలువుతీరాయి. ఆరాధన ఎన్ని గంటలకో తెలుసుకోవడానికి మాత్రం నేను తొమ్మిదో పంక్తి దాకా దిగవలసి వచ్చింది. ఫోనులో చూసేవారికి ఆ తొమ్మిదో పంక్తి కనిపించనే కనిపించదు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు, నిజమే. కానీ వేలు కదిపేవారికి కనబడేది మొదటి ఒకటి రెండు పంక్తులే. మిగతాదంతా తెర చాటున ఉంటుంది.

లూకా సువార్త రెండో అధ్యాయంలో దూత గొర్రెల కాపరులకు చెప్పిన కబురు ఒకసారి రచయిత కళ్లతో చదువు. ఎప్పుడు? నేడు. ఎక్కడ? దావీదు పట్టణంలో. ఎవరు? రక్షకుడు. అంతటితో ఊరుకోలేదు. చీకట్లో వెతుక్కుంటూ వెళ్లేవారు గుర్తుపట్టడానికి ఆనవాలు కూడా ఇచ్చాడు: పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన శిశువు. పరలోక సైన్యసమూహం వచ్చి స్తోత్రం చేసింది ఆ తర్వాతే. మనం పాట ముందు పెట్టి కబురు వెనక దాస్తున్నాం.

ఇక నీ తొమ్మిదో పంక్తి. "డిసెంబరు 24 రాత్రి 12 గంటలకు" అన్నావు. ఏ రాత్రి? చాలా ఏళ్ల క్రితం నేను కూడా ఒక సంఘం కోసం ఇలాగే "24 అర్ధరాత్రి ఆరాధన" అని రాశాను. గడియారం లెక్కలో 24వ తేదీ మొదలయ్యేదే అర్ధరాత్రితో కదా! ఆ లెక్క నమ్మిన ఒక కుటుంబం ఒకరోజు ముందే వచ్చింది. తాళం వేసిన గేటు ఫొటో తీసి నా పోస్టు కిందే పెట్టారు. ఒక్క మాట కూడా రాయలేదు. లోపల దీపాలు ఆరిపోయి ఉన్నాయి. ఊచల మధ్య నుంచి ఒక చిన్నపిల్ల చెయ్యి లోపలికి చాచి ఉంది. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పటినుంచి ఇలా రాస్తున్నాను: "డిసెంబరు 24, గురువారం రాత్రి 11:00కి మొదలు; అర్ధరాత్రి దాటాక 12:30కి ముగింపు." వారం పేరు తప్పక ఉండాలి, ముగింపు వేళ కూడా ఉండాలి. పసిపిల్లల తల్లికి, చివరి బస్సు పట్టుకోవలసినవారికి మొదలయ్యే వేళ కన్నా ముగిసే వేళే ముఖ్యం.

"రేపు" అనే మాటను పూర్తిగా మానేయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మామూలుగా పోస్టులను పెట్టిన వరుసలో చూపించవు. నువ్వు 23న "రేపే రండి" అంటే, ఎవరో 26న చదివి 27న బయలుదేరతారు. స్టేటస్, స్టోరీలది మరో తీరు. అవి 24 గంటల్లో మాయమవుతాయి. గుర్తు చేయడానికి పనికివస్తాయి గానీ, వేళల వివరం వాటిలో మాత్రమే పెట్టి ఊరుకుంటే చాక్‌పీసుతో నీళ్ల మీద రాసినట్టే.

ఇదంతా వేళల గొడవ. అసలు సంగతి వేరే ఉంది. నువ్వు ఎవరి కోసం రాస్తున్నావు? ప్రతి ఆదివారం వచ్చేవారికి నీ పోస్టు అవసరం లేదు, వారు మందిరంలో ప్రకటన విన్నారు. పండుగకు మాత్రమే వచ్చేవారు ఉంటారు, ఎన్నడూ రానివారూ ఉంటారు. వారు గేటు దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని ఆగుతారు. "నేను క్రైస్తవుణ్ణి కాను, రావచ్చా?", "రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల సమయంలో నేనేం చేయాలి?", "కానుక వేయకపోతే ఏమైనా అనుకుంటారా?", "చక్రాల కుర్చీకి దారి ఉందా?", "పిల్లవాడు ఏడిస్తే?" ఇవి వారి మనసులో తిరిగే ప్రశ్నలు, పైకి అడగరు. వీటిలో ఒక్కదానికి జవాబుగా ఒక పోస్టు రాయి. నీ రంగురంగుల పోస్టరు కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది. మందిరం తలుపు ఫొటో ఒకటి పెట్టి, "ఎడమవైపు గేటు నుంచి రండి, మెట్లు లేని దారి అదే" అని రాయి. అది ఆనవాలు.

ఎవరైనా కింద ప్రశ్న అడిగితే చేతులు జోడించిన బొమ్మ పెట్టి వదిలేయకు. మాటల్లో జవాబివ్వు. నిన్న నువ్వు ఇద్దరికి ఆ బొమ్మే పెట్టావు, చూశాను.

పోస్టరు మీద ఉన్న వివరాలను పోస్టులోనూ అక్షరాలుగా రాయడం మరచిపోకు. బొమ్మలోని చిరునామాను కాపీ చేసుకోవడం అందరికీ సులువు కాదు. చూపు లేనివారి ఫోను తడబడకుండా చదివి వినిపించేది నువ్వు అక్షరాలుగా రాసిన మాటలనే.

పాటల విషయంలో జాగ్రత్త. "సైలెంట్ నైట్" 1818లో తొలిసారి పాడిన పాట, దాని మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కానీ నిన్నమొన్న ఎవరో చేసిన రికార్డింగు మీద ఉంటుంది. దాన్ని వీడియోకు తగిలిస్తే శబ్దం ఆగిపోవచ్చు. మన క్వయర్ పాడినదే పెట్టు, శ్రుతి కాస్త తప్పినా ఫరవాలేదు. సండే స్కూలు పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకో, పేర్లు రాయకు.

ఇంకొక మాట. పండుగ అందరికీ ఒకేలా రాదు. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మెరిసే నక్షత్రాలు చూస్తే గుచ్చుకుంటుంది. అలాంటివారి కోసం కొన్ని సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో నిశ్శబ్దంగా ఒక ఆరాధన జరుపుతాయి. మీ సంఘం అలా చేస్తే ఆ పోస్టును నలుపు తెలుపుల్లో, నాలుగే వాక్యాల్లో పెట్టు. నీకు ఆశ్చర్యార్థకాలంటే ప్రేమ ఎక్కువ. క్రిస్మస్ పోస్టులో పదకొండు లెక్కపెట్టాను. అక్కడ ఒక్కటి కూడా వద్దు.

క్రిస్మస్‌కు తేదీ అయినా స్థిరం. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎక్కడైనా పడవచ్చు. 2026లో ఏప్రిల్ 5న వచ్చింది, 2027లో మార్చి 28న వస్తుంది. పాత పోస్టరులో సంవత్సరం మాత్రం దిద్ది వాడేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. గుడ్ ఫ్రైడేకు "హ్యాపీ" తగిలించేవారు ప్రతి ఏడూ కనిపిస్తారు. సిలువ ముందు నిలబడి శుభాకాంక్షలు చెబుతున్నట్టు ఉంటుంది. నువ్వు ఆ జాబితాలో చేరకు.

క్రిస్మస్ ఆరాధన అయిన మర్నాడే, పేజీలో పైన పిన్ చేసి ఉంచిన పోస్టు తీసి అక్కడ ఆదివారం ఆరాధన వేళ పెట్టు. 2027లో మార్చి 26 గుడ్ ఫ్రైడే. సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం గురించి నువ్వు రాసే చిత్తుప్రతి ఫిబ్రవరిలోనే నాకు పంపు. మొదటి పంక్తిలోనే వేళ ఉండాలి, ముగింపు వేళతో సహా.

ప్రేమతో,
అన్నయ్య