‘నాన్నకి చెప్పొద్దు’ అంటోంది మా పాప

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఇంట్లో నేను మాట్లాడేదాంట్లో సగం వెటకారమే. కొట్టను, అరవను. కానీ ఎవరేం చెప్పినా ఒక తప్పు పట్టి ఎద్దేవా చేస్తే గానీ ఊరుకోను. పోయిన నెల మా పాప (11 ఏళ్లు) కిటికీ బయట సాలెపురుగు గూడు అల్లుతోంటే చూడమని పిలిచింది. ‘లెక్కలు రావు గానీ పురుగులు కావాలా’ అని చీపురుతో దులిపేశాను. మర్నాడు వాళ్లమ్మకి ఇంకేదో చూపిస్తూ ‘నాన్నకి చెప్పొద్దు’ అంది. నా భార్య కూడా అవసరానికి మించి మాట్లాడటం లేదు. అభిప్రాయాలు కలవక తమ్ముడితో రెండేళ్లుగా మాటల్లేవు. మా నాన్న కూడా ఇలాగే ఉండేవాడు. మెత్తబడితే ఇంట్లో నా మాట ఎవరైనా వింటారా? అసలు ఈ వయసులో మారడం కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. చీపురు సంగతి మీరు దాచలేదు, ‘సరదాగా అన్నాను’ అని సర్దిచెప్పుకోలేదు. మాటలతో మనసు విరిచేవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఆ ‘సరదా’ చాటునే ఉండిపోతారు.

పాప ‘నాన్న తిడతాడు’ అనలేదు, ‘చెప్పొద్దు’ అంది. తనకి అపురూపమైనది మీ కంట పడితే పాడవుతుందని అనుకుంటోంది. పురుగుల్ని చూడటం మానలేదు, మిమ్మల్ని పిలవడం మానేసింది. ఇది గట్టిపడక ముందే మీకు వినిపించడం మంచిదైంది.

సాలెపురుగు, భార్య, తమ్ముడు అని మూడు సమస్యలు రాశారు. నాకు ఒక్కటే కనిపిస్తోంది: మీరు పూర్తిగా చూడకముందే తీర్పు ఇచ్చేస్తున్నారు. గూడు కనబడగానే ‘చెత్త’, తమ్ముడి మాట వినగానే ‘తెలివితక్కువ’. ఆ ముద్ర పడ్డాక ఇక చూడటానికీ వినడానికీ ఏమీ మిగలదు. ఇది మీకు పుట్టుకతో వచ్చిందని అనుకోను. ఎగతాళి నడిచే ఇంట్లో పెరిగినవాళ్లు ముందు తామే అనేయడం నేర్చుకుంటారు, అనేవాడి జోలికి ఎవరూ రారు కాబట్టి. చిన్నప్పుడు మిమ్మల్ని కాపాడిన ఆ అలవాటే ఇప్పుడు మీ పిల్లకి గుచ్చుకుంటోంది.

మెత్తబడితే మాట చెల్లదన్న భయం గురించి. దంపతుల్ని దశాబ్దాలపాటు పరిశీలించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, బంధాన్ని తినేసేవి నాలుగని చెప్పారు: మనిషినే తప్పుపట్టడం, ఈసడింపు, తప్పు ఒప్పుకోకుండా ఎదురు వాదించడం, మాట మానేసి గోడలా ఉండిపోవడం. అన్నిటికన్నా ప్రమాదకరం ఈసడింపేనన్నారు. ‘లెక్కలు ఇంకా కాలేదు’ అనడం పని గురించి. ‘లెక్కలు రావు గానీ’ అనడం మనిషి విలువ గురించి. నియమం అలాగే ఉంచి, ఈసడింపు ఒక్కటే తీసేయండి. ‘ఐదు నిమిషాలు చూద్దాం, తర్వాత లెక్కలు’ అన్నా లెక్కలు పూర్తవుతాయి.

ముందు పాపకి క్షమాపణ చెప్పండి. ఇద్దరే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని, నిమిషంలోపు. ‘నువ్వు ఇష్టంగా చూపించిన గూడు దులిపేశాను. లెక్కల గురించి కూడా మనసు నొచ్చుకునేలా అన్నాను. తప్పు నాది.’ అక్కడ ఆపేయండి. ‘కానీ నువ్వు కూడా’ అన్నారంటే అంతా పోయినట్టే. మీ నాన్న సంగతి ఇక్కడికి తేవద్దు, ఆ బరువు పాప మోయకూడదు. ‘క్షమించావా?’ అని అడగొద్దు. పిల్లలు కాదనలేక అవునంటారు. బహుమతులూ వద్దు.

ఆ తర్వాత మీ అసలు పని, ఎవరైనా ఏదైనా చూపించడానికో చెప్పడానికో వచ్చినప్పటి మొదటి పది సెకన్లు. మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో ఒక సంగతి తేలింది. ఒకరు మంచి కబురు చెప్పినప్పుడు రెండోవారు ఎలా స్పందించారన్నది, చెడ్డ కబురుకి స్పందించిన తీరుకన్నా ఎక్కువగా ఆ జంట ముందుముందు ఎలా ఉంటుందో పట్టిచ్చింది. కష్టంలో తోడుంటే చాలనుకుంటాం గానీ, సంతోషంలో మొహం తిప్పుకోవడం కూడా అంతే లోతుగా తగులుతుంది. కాబట్టి ఎవరైనా రాగానే చేతిలోది కింద పెట్టండి. మనిషి మొత్తం అటు తిరగండి. మొదటి మాట ప్రశ్న కావాలి, అదీ వాళ్లు చూపించేదాని గురించే: ‘ఎప్పటి నుంచి చూస్తున్నావు?’ పరీక్ష పెట్టే ప్రశ్న వద్దు. ‘సాలెపురుగుకి ఎన్ని కాళ్లు?’ అని అడిగితే పాపని మళ్లీ బడిలో కూర్చోబెట్టినట్టే. మీ భార్య ఏదైనా చెప్పినప్పుడు తప్పు దిద్దే ముందు, ‘సలహా చెప్పనా, వినమంటావా?’ అని అడగండి.

‘ఇక మంచిగా ఉంటాను’ అన్న తీర్మానం మర్నాటికి నిలవదు, ఎప్పుడు ఏం చేయాలో అందులో లేదు గనక. ‘ఎవరైనా పిలిస్తే చేతిలోది కింద పెడతాను’ అని కాగితం మీద రాసుకోండి. వెటకారం నోటిదాకా వచ్చేస్తే మాట మధ్యలోనే ఆపి, ‘ఆగు, మళ్లీ చెప్తాను’ అనండి. గొడవలో గుండె నిమిషానికి 100 సార్లకి మించి కొట్టుకుంటుంటే అవతలి మాట చెవికెక్కదంటారు గాట్‌మన్. అప్పుడు కనీసం 20 నిమిషాలు పక్కకి వెళ్లండి, ఎప్పుడు తిరిగి వస్తారో చెప్పి మరీ వెళ్లండి. ఆ సమయంలో ‘నేను ఇలా అనాల్సింది’ అని మనసులో అదే గొడవ నడిపిస్తే ఆవేశం దిగదు.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పాలి. మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో ఎవరూ మిమ్మల్ని నమ్మరు. పాప కావాలని ఏదో ఒకటి చేసి మీరేమంటారో చూడొచ్చు. ‘ఇంత మారినా గుర్తించేవాళ్లు లేరు’ అని మీకు ఉక్రోషం వస్తుంది. జాగ్రత్త పడాల్సింది అప్పుడే, ఆ ఉక్రోషంలోంచి వచ్చే వెటకారం పాతదానికన్నా పదునుగా ఉంటుంది. వాళ్ల మెప్పు లెక్కపెట్టకండి. రాత్రి పడుకునే ముందు, ఇవాళ ఎన్నిసార్లు పిలిచారు, ఎన్నిసార్లు తిరిగి చూశాను, ఈ రెండే రాసుకోండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు. తప్పిన రోజున మళ్లీ ఒక చిన్న క్షమాపణ చెప్పి, మర్నాడు కొనసాగించండి.

దీనికి తోడు కళ్లకి కూడా సాధన కావాలి. వారానికోసారి 15 నిమిషాలు ఫోన్ లేకుండా నడవండి, ఇంతకు ముందు గమనించనిది ఏదైనా వెతుకుతూ. పరిశోధకురాలు వర్జీనియా స్టర్మ్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో పెద్ద వయసువాళ్లు 8 వారాలు ఇలాగే నడిచారు. మామూలుగా నడిచినవాళ్లకన్నా వాళ్లకి సంతోషం, ఇతరుల పట్ల కరుణ లాంటి భావాలు ఎక్కువగా కలిగాయి. ఆశ్చర్యపోయే క్షణంలో ‘నాకంతా తెలుసు’ అన్న పట్టు కాస్త సడలుతుంది, మీకు కావలసింది అదే.

మొదలుపెట్టడానికి ఆ కిటికీ దగ్గరకే వెళ్లండి. చక్రంలా గూడు అల్లే సాలెపురుగుల్లో చాలా రకాలు పాత గూడు దారాన్ని తామే తినేసి మళ్లీ కొత్తది అల్లుకుంటాయి. చాలా రకాల్లో నడిమి నుంచి అంచులకి వెళ్లే పోగులకి జిగురుండదు, చుట్లు తిరిగే పోగులకి ఉంటుంది. చీకటి పడే వేళ నిలబడితే అల్లిక కనిపించవచ్చు. పాపని పిలవకండి. తనంతట తాను వచ్చి పక్కన నిలబడితే, మీకు తెలిసింది చెప్పకుండా తను చెప్పేది వినండి.

ఒకటి మాత్రం తేల్చుకోండి. రెండు వారాలకి పైగా దేనిమీదా ఇష్టం కలగకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, ఊరికే చిరాకు రావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మగవాళ్లలో అది దిగులుగా కాక చిరాకుగా బయటపడటం మామూలే. చికిత్స ఉంది, మానసిక వైద్యుణ్ణి కలవండి.

తమ్ముడి సంగతి చివరికి ఉంచుకోండి, నెలన్నర సాధన అయ్యాక. అతనితో ఏకీభవించనక్కర్లేదు. మొదటి సందేశం రెండు వాక్యాలు దాటొద్దు: ‘నీ మాట పూర్తిగా వినకుండా తీసిపారేశాను. నీకు వీలైనప్పుడు వినాలని ఉంది.’ అతను మాట్లాడితే, ఆ అభిప్రాయానికి ఎలా వచ్చాడో అడగండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి, ‘అవును, అదే’ అని అతను అనేదాకా మీ వాదన ఎత్తకండి. జవాబు రాకపోతే ఒక నెల ఆగి ఇంకొక్కసారి రాయండి. అప్పటికీ రాకపోతే ఒత్తిడి పెట్టకండి, ఎప్పుడు పలకాలో అతనికే వదిలేయండి.