నానిగాడి ప్రయాణం గురించి బుజ్జమ్మకు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మొన్న నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుండగానే నానిగాడు నీళ్ల చెంబు దొర్లించడం, నువ్వు "మళ్లీ చేస్తా పెద్దమ్మా" అని పెట్టేయడం అయ్యాయి. "వచ్చేటప్పుడు అయిదుసార్లు కక్కాడు, మళ్లీ వీణ్ని వేసుకుని డాలస్ దాకా ఎలా పోవాలి" అన్న మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పిల్లల వార్డులో ఇరవై ఏడేళ్లు నర్సుగా చేశాను, రిటైరయ్యాక మనవడితో నాలుగుసార్లు అమెరికా వెళ్లొచ్చాను. నిజం చెప్పొద్దూ, ఈ విషయంలో వార్డు కన్నా ఆ నాలుగు ప్రయాణాలే నాకు ఎక్కువ నేర్పాయి.

నువ్వు విమానం గురించి అడిగావు. నేను కారు దగ్గర మొదలుపెడతాను. మీ అమ్మ చెప్పింది, డాలస్‌లో ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే కారులోనే వాడు పెదాలు పాలిపోయి, ఆవలిస్తూ, చేతిలో టాబ్ పెట్టుకుని కూర్చున్నాడట. మీరేమో నిద్ర వస్తోంది కాబోలు అనుకున్నారు. అక్కడే మొదలైందమ్మా. విమానంలో అయింది దానికి కొనసాగింపు. ఒకసారి కడుపులో తిప్పడం మొదలైతే చాలాసేపటిదాకా చిన్న కుదుపుకు కూడా మళ్లీ లేస్తుంది. కాబట్టి విమానం ఎక్కేసరికి వాడి కడుపు నెమ్మదిగా ఉండాలి. నా సలహాల్లో సగం ఈ ఒక్కదాని కోసమే.

ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చెయ్యాలో దానంతట అదే తడుతుంది. చెవి లోపల సన్నటి గొట్టాలు, వాటిలో నీరులాంటి ద్రవం ఉంటాయి. ఒళ్లు కదిలితే ఆ ద్రవం కదిలి "మనం కదులుతున్నాం" అని మెదడుకు చెబుతుంది. కళ్లేమో టాబ్ మీదో, ముందు సీటు వీపు మీదో ఉండి "అబ్బే, ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం" అంటాయి. ఇద్దరు పనివాళ్లు రెండు రకాలుగా చెబితే యజమానికి తల తిరగదూ? అదే ఇది. రెండేళ్లలోపు పసివాళ్లకు ఈ బాధ సాధారణంగా ఉండదు. ఆ తర్వాత మొదలై, బడికెళ్లే వయసులో బాగా ముదిరి, పన్నెండు దాటాక చాలామందికి తగ్గుముఖం పడుతుంది. నానికి నాలుగున్నర. వాడిలో లోపం ఏమీ లేదు, నీ పెంపకంలో అంతకన్నా లేదు. మీ అత్తగారు "మా అబ్బాయికి ఇలా ఎప్పుడూ లేదే" అంటే నవ్వి ఊరుకో.

అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం వరకు కాలువ గట్టు రోడ్డు ఎలాంటిదో నీకు నేను చెప్పాలా. మలుపు, లారీ, బ్రేకు, మళ్లీ మలుపు. ఆ రోడ్డు మీద నాకే తిప్పుతుంది. డ్రైవరును ముందే పిలిచి చెప్పు, తొందరేం లేదు, గంట ముందే బయల్దేరదాం, బ్రేకు మీద కాలు మెత్తగా వెయ్యి అని. కారులో వేలాడే ఆ మల్లెపూల సెంటు డబ్బా తీసి డిక్కీలో పెట్టించు. ఏసీ ఉన్నా కిటికీ రెండు వేళ్లంత దించు. నానిగాణ్ణి కాస్త ఎత్తులో కూర్చోబెట్టు. కిటికీ అంచు వాడి ముక్కు దాకా వస్తే వాడికి కనిపించేది తలుపే. ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనిపించాలి. టాబ్, బొమ్మల పుస్తకం రెండూ పెట్టెలో. కొబ్బరి చెట్లు లెక్కపెట్టమను, ఆవుల్ని లెక్కపెట్టమను. జొన్నాడ వంతెన మీద గోదారి రాగానే దండం పెట్టించు, వాడికదో పని.

తిండి సంగతి. మీ ఇంట్లో ప్రయాణం రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. "మళ్లీ ఎప్పుడు తింటాడో" అని మీ అమ్మ గారెలు వేస్తుంది, మీ అత్తగారు పులిహోర కలుపుతారు, మధ్యలో ఎవరో ఒకరు గ్లాసుడు పాలు తాగిస్తారు. నువ్వు గట్టిగా కూర్చో. ముందు రోజు రాత్రి నుంచే నూనె వంటలు, నెయ్యి స్వీట్లు వద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకూడదు, అప్పుడు పసరు కక్కుకుంటాడు, అది ఇంకా బాధ. కారెక్కడానికి గంటన్నర ముందు ఒక ఇడ్లీ, లేదంటే రెండు ముద్దల మెత్తటి అన్నం. దారిలో మరమరాలు, రస్కు ముక్క. నీళ్లు గుటక గుటకగా. పాలు, జ్యూసులు నీళ్లకు బదులు కావు.

దిష్టి తీస్తానంటే తియ్యనీ, నాకు అభ్యంతరం లేదు. ఎండుమిరపకాయలు మాత్రం పొయ్యిలో వెయ్యొద్దను. ఆ ఘాటుకు దగ్గి అక్కడే కక్కుతాడు. పోయినసారి మా పక్కింట్లో సరిగ్గా ఇదే అయింది.

ఇక మందు. దీని గురించి నిదానంగా చదువు. మీ పిల్లల డాక్టరును అడిగి, వాడి బరువు తూచి, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లో, హైదరాబాదు దాటాక మళ్లీ ఎప్పుడో కాగితం మీద రాయించుకో. షాపులో అడిగి తెచ్చుకోకు. మన దగ్గర ప్రయాణాలకు వాడే ప్రోమెథజైన్ అనే మందు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. ఊపిరి మందగించి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయని అమెరికా ఔషధ సంస్థ 2004లోనే హెచ్చరించింది. నాని ఆ వయసు దాటాడు, అయినా మోతాదు డాక్టరుదే. జలుబు సిరప్ వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పు, చాలా జలుబు సిరప్‌లలో ఇదే జాతి మందు ఉంటుంది, రెండూ కలిస్తే మత్తు ఎక్కువైపోతుంది. ఇంట్లో విరేచనాలప్పుడు తెచ్చిన ఓండాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు సీసా ఉంది కదా, అదే పోసేద్దాం అనుకుంటావేమో. ప్రయాణపు తిప్పుడికి అది పెద్దగా పనిచెయ్యదు. ఏ మందైనా వాంతి మొదలయ్యాక ఇస్తే లాభం లేదు, బయటికే వచ్చేస్తుంది. ముందే ఇవ్వాలి. నీ విషయంలో ముందే అంటే విమానానికి ముందు కాదు, కారుకు ముందు. డాక్టరుకు కూడా ఇలాగే చెప్పి టైములు వేయించుకో.

ఇంకొకటి, ఇది నా తప్పు కాబట్టి చెబుతున్నా. మొదటిసారి మనవణ్ణి తీసుకెళ్లినప్పుడు డాక్టరు రాసిన సిరప్‌ను తిన్నగా ప్రయాణం రోజే పోశాను. మత్తు వచ్చి పడుకుంటాడని నేను దుప్పటి సర్దుకుంటుంటే వాడు కళ్లు ఇంతింత చేసుకుని లేచాడు. నాలుగు గంటలు ఆ నడవాలో పరుగు. ముప్పయ్యో వరుసలో పెద్దాయన కాలు తొక్కాడు, ఎయిర్‌హోస్టెస్ బండి వెనకాల రైలు కట్టాడు. కొందరు పిల్లలకు ఈ మందులు నిద్ర పుచ్చకపోగా రెచ్చగొడతాయి. నర్సుగా నాకు తెలిసిన సంగతే, అమ్మమ్మగా మరిచిపోయాను. నువ్వు మాత్రం డాక్టరుతో చెప్పి, వారం ముందే ఒక పగటిపూట ఇంట్లో ఒక మోతాదు వేసి చూడు.

అల్లం మురబ్బా చిన్న ముక్క, ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి బద్ద, నిమ్మకాయ వాసన... ఇవి కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి చెయ్యవు, చెడు మాత్రం చెయ్యవు. నిమ్మకాయను గోటితో గీరి వాడి చేతికివ్వు, వాడే వాసన చూసుకుంటాడు. ఒక్క మాట, డాలస్‌లో దిగేముందు మిగిలిన కాయను విమానంలోనే వదిలెయ్. నిమ్మజాతి పళ్లు అక్కడికి తీసుకెళ్లనివ్వరు, మర్చిపోయి సంచిలో ఉంచుకుంటే లేనిపోని తంటా.

రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాదు దాకా నీది రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం కదా. పెద్ద జెట్లు 35 వేల అడుగుల పైన పోతే ఇది అంత ఎత్తుకు పోదు. ఈ వానాకాలంలో మబ్బులన్నీ దానికి అడ్డమే. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి, గాలి పైకి తన్ని ఇంకా ఊపుతుంది. నువ్వు పొద్దుటి విమానం తీసుకున్నావని విన్నా, చాలా మంచి పని చేశావు. దాంట్లో ఎక్కేది వెనక తలుపు నుంచి. వెనకే ఉన్నాం కదా అని వెనకే కూర్చోకు, ఊగేది అక్కడే. మధ్య వరుసల్లో, రెక్క దగ్గర తీసుకో. ఈ విమానానికి రెక్క కిటికీ పైన ఉంటుంది కాబట్టి కింద గోదారి, పొలాలు చక్కగా కనిపిస్తాయి. హైదరాబాదు తర్వాత పెద్ద విమానాల్లోనూ రెక్క పక్క వరుసలే, కిటికీ వాడికి. టికెట్ తీసిపెట్టే అతను "ఎక్కడైనా ఒకటేనండీ" అంటాడు. నాకూ ఒకడు అలాగే చెప్పి చిట్టచివరి వరుస అంటగట్టాడు, పక్కన బాత్రూము కంపు ఉచితం.

చిన్నపిల్లలు "వికారంగా ఉంది" అనరు. నానిగాడు "బొజ్జ నొప్పి" అంటాడు, లేకపోతే ఏమీ అనడు. గలగలలాడే పిల్లాడు ఒక్కసారి నోరు మూసుకున్నాడంటే వాడి మొహం చూడు. ఆవలింతలు, పై పెదవి మీద చెమట, నోట్లో ఊరే నీళ్లు మాటిమాటికీ మింగడం. అప్పటికి నీకు అయిదు నిమిషాలుంటాయి అనుకో. చొక్కా పై గుండీ విప్పి, సీటు వెనక్కి వాల్చి, తడిగుడ్డ మెడ వెనక వేసి, తల పైన గాలి మూత ఉంటే మొహం మీదికి తిప్పి, కళ్లు మూసుకోమని నెమ్మదిగా కథ చెప్పు. తల ఆడించకుండా సీటుకు ఆనించి ఉంచాలి. "వాంతి వస్తోందా? వస్తోందా?" అని మాత్రం అడక్కు. అడిగేకొద్దీ వస్తుంది. దానికి బదులు ఇంట్లోనే ఒక సైగ నేర్పు, వస్తున్నట్టుంటే అమ్మ చెయ్యి రెండుసార్లు నొక్కాలి అని. నా మనవడు అది ఆటలా పట్టేశాడు.

అయినా కక్కుతాడేమో. కక్కనీ. ఎక్కగానే ముందు సీటు జేబులో కాగితం సంచి ఉందో లేదో చూసుకో, లేకపోతే రెండు అడుగు. ఆ సంచి మూతి పిల్లలకు ఇరుకు, గురి తప్పుతుంది. నేనైతే వెడల్పాటి మందపాటి కవరు అంచులు బయటికి మడిచి పట్టుకుంటా. వాడికి ముందు గుండీల చొక్కాలే వెయ్యి. కక్కిన టీషర్టును తల మీదుగా లాగి తీస్తే జుట్టుకీ మొహానికీ అంతా అంటుతుంది, అప్పుడు చూడాలి నీ అవస్థ. పిల్లాడికి రెండు జతలు అందరూ పెట్టుకుంటారు, తల్లికి ఒక జత ఎవరూ పెట్టుకోరు. ఒళ్లో కూర్చుని కక్కేది ఎవరి మీద మరి? నీ కుర్తా ఒకటి చేతిసంచిలో పైనే పెట్టుకో. తడిసిన బట్టలకు జిప్ కవర్లు, కాస్త కాఫీ పొడి పొట్లం. ఆ కవర్లో చిటికెడు పొడి చల్లితే వాసన ఆగుతుంది.

వాంతి అయ్యాక నోరు పుక్కిలించాలి. వెంటనే నీళ్లు పట్టకు, ఎంత అడిగినా సరే. పది పదిహేను నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా ఓఆర్‌ఎస్. లీటరు నీళ్లలో మొత్తం ప్యాకెట్టు కలపాలని రాసి ఉన్నది తీసుకో. పొడి అయితే సెక్యూరిటీ దగ్గర గొడవ లేదు, నీళ్లు లోపలికి వెళ్లాక పట్టుకోవచ్చు, లీటరు సీసా ఒకటి ఖాళీగా తీసుకెళ్లు. అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి నీళ్లు కావు సుమా. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆ తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ చెప్పలేదు. అసలు సిసలుదాంట్లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే, ప్యాకెట్టు మీద చూసుకో.

దిగేటప్పుడు ఏడిస్తే అది వేరే సంగతి, చెవుల్లో గాలి ఒత్తిడి. గుటకలు వేయిస్తే సర్దుకుంటుంది. నిద్రలో ఉంటే లేపాలా వద్దా అని అందరూ అడుగుతారు. ముక్కు శుభ్రంగా ఉంటే నేను లేపను, నిద్రలో ఉన్న పిల్లాడికి తిప్పదు. జలుబుంటే మాత్రం అరగంట ముందే లేపి చప్పరించడానికి ఏదైనా ఇస్తా.

దిగిన కొన్ని గంటలకు కూడా వాంతులు ఆగకపోయినా, జ్వరమో విరేచనాలో గట్టి తలనొప్పో ఉన్నా, ఆరేడు గంటలు ఒంటికి పోయకపోయినా ప్రయాణం మీద నెట్టెయ్యకుండా డాక్టరుకు చూపించు.

నీ మొహం చూస్తూ ఉంటాడమ్మా వాడు. మూడో ప్రయాణంలో నా మనవడు పక్కావిడ పట్టుచీర కుచ్చిళ్ల మీద కక్కేశాడు. సిగ్గుతో వాణ్ణి ఒక్కటి అంటించబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఉండండి, వాడే బెదిరిపోయాడు" అని సంచిలోంచి ఏలక్కాయ తీసి నాకిచ్చింది. నాకు, వాడికి కాదు. అది నములుతూ కూర్చున్నాక నా గుండె దడ తగ్గింది, వాడు నా భుజం మీద పడి నిద్రపోయాడు.

గురువారం మీ బాబాయి అమలాపురం వస్తున్నారు. ఆయన చేతికి చిన్న తాటాకు విసనకర్ర, అల్లం మురబ్బా డబ్బా ఇచ్చి పంపుతున్నా. విసనకర్ర చేతిసంచిలో పడుతుంది, కొలిచే తెచ్చాను. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక ఏమన్నారో ఫోన్ చెయ్, నానిగాడు పడుకున్నాక చెయ్. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ,
కాకినాడ