నల్గొండ వేడికి పెటునియా, పాన్సీ నిలుస్తాయా?

ఆగస్టులో వేసిన పెటునియా, పాన్సీ నారంతా మొలిచిన వారానికే పడిపోయింది, మన నల్గొండలో ఈ చలికాలం పూలు అసలు రావా అని అడిగారు. వస్తాయండి. మాది మిర్యాలగూడ, మా మిద్దె మీద ఏటా పూస్తాయి. కాకపోతే ఆగస్టు వాటి నెల కాదు.

పడిపోయిన మొలకను ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఆకులు పచ్చగానే ఉంటాయి, మట్టిని ఆనుకున్న చోట మాత్రం కాడ నీరుపట్టి దారంలా సన్నబడి ఉంటుంది. అది నారుకుళ్లు. తడి ఆరని మట్టి, కదలని గాలి ఉంటే ఆ శిలీంధ్రానికి పండగే. మందుల కోసం తిరిగే బదులు తేదీ మార్చుకోండి. బతుకమ్మ అయిపోయి వానలు తెరిపిచ్చాక, అంటే అక్టోబర్ రెండో వారం తర్వాత విత్తనం వేయండి. పాన్సీకి ఇంకో రెండు వారాలు ఆగాలి, అది వేడిలో సరిగ్గా మొలవదు. ఇక్కడ జనవరిలో కూడా పగలు 30 డిగ్రీల దాకా వెళ్తుంది. రాత్రి 20 లోపుకు దిగుతుంది కదా, ఈ మొక్కలను కాపాడేది ఆ రాత్రి చల్లదనమే.

పెటునియా విత్తనం దుమ్ములా ఉంటుంది. పొడి ఇసుకలో కలిపి చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పొద్దు, మొలవడానికి దానికి వెలుతురు కావాలి. పాన్సీకి పైన పలచగా మట్టి వేసి, మొలిచేదాకా చీకట్లో పెట్టాలి. నీళ్లు పైనుంచి పోయకుండా ట్రేను నీళ్లున్న పళ్లెంలో కాసేపు ఉంచి తీసేయండి. ట్రేలోకి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా చివికిన పశువుల ఎరువు జల్లించి కలిపితే చాలు. నారు పెద్దదై కుండీలోకి మారాక కొంచెం వడ్ల ఊక కూడా కలుపుతాం, మా ఊళ్లో మిల్లులకు కొదవ లేదు మరి.

అందరూ ఎండను తిడతారు గానీ, నా లెక్కలో ఇక్కడ అసలు ఇబ్బంది బోరు నీళ్లు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పుతో పాటు క్షారగుణం కూడా ఎక్కువ. ఆ నీళ్లే పోస్తూ ఉంటే పెటునియా కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేకపోతోందని అర్థం. ఇంకా యూరియా వేసి లాభం లేదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు గానీ పోయండి. ఐరన్ చీలేట్ (వేరు తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము) కొంటే ఇడిడిహెచ్ఎ రకం అడగండి, ఇడిటిఎ రకం ఇలాంటి మట్టిలో అంతగా పనిచేయదు.

మొదటి ఏడాదికి పెటునియా, డయాంథస్, ఫ్లాక్స్ చాలు. స్వీట్ పీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాన్సీ మీద మరీ మనసుంటే నవంబర్ చివర్లో నర్సరీలో నారు కొనుక్కోండి, టెన్షన్ ఉండదు. సాయంత్రం ఎండ తగలకుండా మిద్దె మీద పడమటి పిట్టగోడ పక్కన పెట్టండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది, దాంతోపాటే పాన్సీ కూడా. పీకేసి ఆ కుండీల్లో బొగడబంతి, గడ్డిగులాబీ పెట్టుకోండి. డయాంథస్‌ను మాత్రం కత్తిరించి నీడకు జరిపితే ఒక్కోసారి ఎండాకాలం గట్టెక్కుతుంది.